నేను కొట్టేసిన రెండు మాటలు

గొంతులో కాయలు లేచాయని, ఇక గట్టిగా మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందని జగిత్యాల డాక్టర్ చెప్పినప్పుడు మా ఇంట్లో బాధపడ్డవాళ్లు ఎవరూ లేరు. మా ఆయనైతే దవాఖాన మెట్లు దిగుతూనే, "ఇరవై ఎనిమిదేండ్ల సంది నేను చెప్పలేని ముచ్చట ఆయన ఒక్క చీటీ మీద రాసిచ్చిండు," అన్నాడు. నేను జవాబు చెప్పబోయి దగ్గాను. ఆ దగ్గు ఆయనకు ఎంత హాయిగా వినిపించిందో మొహమే చెప్పింది.

నేను కోరుట్లలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. ఇల్లు జగిత్యాలలో, కాలేజీ కోరుట్లలో, మధ్యలో ముప్పై ఏళ్ల బస్సు ప్రయాణం. మైకు పెట్టుకుని పాఠం చెప్పమని ప్రిన్సిపాల్ సలహా ఇచ్చాడు. నేను పిల్లల్ని తిట్టేది బజారంతా వినాలా అని అడిగాను. ఇంకా ఆరేడేళ్ల సర్వీసు ఉండగానే, యాభై నాలుగో ఏట స్వచ్ఛంద విరమణ కాగితం పెట్టేశాను. శాలువా కప్పారు, మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని కూర్చున్నాను. స్టాఫ్ రూమ్‌లో కొందరు హమ్మయ్య అనుకుని ఉంటారు.

ఆ తర్వాత ఎవరికి తోచిన సలహా వాళ్లు ఇచ్చారు. పొద్దున్నే నడవమన్నారు, భజనకు రమ్మన్నారు, మిద్దె మీద కుండీల్లో వంకాయలు పెంచమన్నారు. నడిచాను. నడుస్తూ దుకాణాల బోర్డుల మీద తప్పులు చూసి లోపలికి వెళ్లి చెప్పాను. పక్కింటివాళ్లు పెళ్లి పత్రిక ఇచ్చి బొట్టు పెట్టి పిలిస్తే, అందులో అక్షరదోషాలు ఎర్రపెన్నుతో దిద్ది మర్నాడు తిరిగిచ్చాను. పత్రికలన్నీ అప్పటికే అచ్చయి సగం పంచేశారు. ఆ పెళ్లికి మేం వెళ్లాం కానీ భోజనాల దగ్గర మా పంక్తిలో ఎవరూ కూర్చోలేదు.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. ఇది ఎవరితోనూ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. రోజుకు కొంతమందైనా నన్ను "మేడం" అనకపోతే, నా ముందు నిలబడి నేను చెప్పింది వినకపోతే, నాకు అన్నం సహించదు. నాకు కావలసింది పని అనుకున్నాను. చేతులు కట్టుకుని నిలబడే మనుషులు కూడా అందులో భాగమని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

విరమణ తీసుకున్న ఏడాదికి మా ఆయనకు సిరిసిల్ల బదిలీ అయింది. ఆయనది కరెంటు ఆఫీసు ఉద్యోగం. సిరిసిల్లలో నేతవాళ్ల వాడలో ఇల్లు అద్దెకు దొరికింది. ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దమ్మ, వెనక భాగంలో ఉండేది. పొద్దున లేచేసరికి నాలుగు వైపుల నుంచీ మరమగ్గాల చప్పుడు. అక్కడ వాటిని మరమగ్గాలు అనరు, సాంచాలు అంటారు. మొదటి వారం తలనొప్పితో చచ్చాను. రెండో వారం నుంచి కరెంటు పోయి చప్పుడు ఆగితేనే ఏదో అయిందని బయటికి వచ్చి చూసేదాన్ని.

ఒకరోజు పెద్దమ్మ పింఛను కార్డు పట్టుకుని వచ్చింది. అందులో ఆమె పేరు తప్పుగా పడింది. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి, గీ పేరు మార్పియ్యరాదు?" అంది. దరఖాస్తు రాసిచ్చాను. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజున వెళ్లి ఇచ్చి వచ్చింది. నెల తిరగకముందే పేరు సరైంది. పెద్దమ్మ వాడంతా చెప్పింది. మర్నాడు ఇద్దరు వచ్చారు. వారం తిరిగేసరికి వరండాలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక అట్ట, తెల్లకాగితాల కట్ట, నల్ల పెన్నులు. పది గంటల నుంచి ఒంటిగంట దాకా కూర్చునేదాన్ని. నాకు "రాత మేడం" అని పేరు పడింది.

డబ్బులు తీసుకునేదాన్ని కాదు. ఒకరు చిక్కుడుకాయలు, ఒకరు కొత్తకారం, ఒకామె వేములవాడ నుంచి ప్రసాదం తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. నేను వద్దనేదాన్ని, వాళ్లు పెట్టేవాళ్లు. గొంతు కూడా కొంచెం బాగుపడింది, ఎందుకంటే వాళ్లు చెప్పేది వినాలి, నేను రాయాలి. మా ఆయన సాయంత్రం వచ్చి, "ఇయ్యాల నాతోని కొట్లాడలేదు, పానం బాగలేదా?" అని అడిగేవాడు. నిజంగా ఆ ఆరు నెలలు నాకు కొట్లాడాలనిపించలేదు. రాత్రి పడుకునే ముందు రేపు ఎవరెవరు వస్తారో అనుకుంటూ పడుకునేదాన్ని. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అలా ఎప్పుడూ అనుకోలేదు.

కానీ ఒక రోగం నాతోపాటే వచ్చింది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయడానికి నేనెందుకు అనుకునేదాన్ని. ఒకాయన వచ్చి, "మోరీ నిండి నీళ్లన్ని ఇంట్లకు అత్తున్నయి మేడం," అంటే, నేను "మురుగుకాలువ పొంగి పొరలి మలినజలము గృహములోనికి ప్రవహించుచున్నది" అని రాశాను. చదివి వినిపిస్తే ఆయన కాసేపు ఆలోచించి, "గిది మా మోరీ గురించేనా మేడం?" అన్నాడు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు కనబడింది ఆయన అమాయకత్వం. నా తెలివితక్కువతనం కనబడలేదు.

ఆ రోజుల్లోనే ఆమె వచ్చింది. మా వీధి చివర ఉంటుంది, బీడీలు చేస్తుంది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. భర్త సాంచాల మీద కూలికి పనిచేస్తాడు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో ఉండి అతనికి చెవులు సరిగ్గా వినిపించవు. రోజంతా నిలబడే పని కాబట్టి సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. యాభై దాటింది కాబట్టి నేత పని చేసేవాళ్లకిచ్చే పింఛనుకు పెట్టుకోమని ఎవరో చెప్పారట. పింఛను వస్తే రెండు సాంచాలు వదిలేసి మిగతా రెండింటి మీద కాస్త కూర్చుని లేచి పనిచేసుకుంటాడని ఆమె ఆశ.

"చెప్పు చెల్లె," అన్నాను.

"మా ఆయన ఆసామి కాడ సాంచాలు నడుపుతడు మేడం. నాలుగు సాంచాలు. ముప్పై ఏండ్ల సంది అదే పని."

చిత్తు కాగితం మీద రాసుకుంటూ "ఆసామి కాడ" దగ్గర నా పెన్ను ఆగింది. మా జగిత్యాల వైపు ఆసామి అంటే భూమీ పుట్రా ఉన్న రైతు. కాలేజీలో నేను చెప్పిన తెలుగులో ఆసామి అంటే ఎవరో ఒక మనిషి, అదీ కాస్త చులకనగా. "ఆ ఆసామి ఎక్కడ పోయాడో" అన్నట్టు. సిరిసిల్లలో ఆ మాటకు అర్థం వేరు. కొన్ని సాంచాలు సొంతంగా పెట్టుకుని, సేటు దగ్గర నూలు తెచ్చి, కూలివాళ్లతో నేయించి బట్ట అప్పజెప్పే చిన్న యజమానిని అక్కడ ఆసామి అంటారు. ఆరు నెలలుగా ఆ చప్పుడు మధ్యనే బతుకుతూ నేను ఈ మాట ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

రెండు మాటలూ అడ్డంగా కొట్టేశాను.

ఆమె తొంగి చూసి, "ఏం కొట్టేసిన్రు మేడం?" అంది.

"ఆసామి గీసామి అని రాస్తే ఆఫీసర్లు నవ్వుతరు. గసొంటి మాటలు దరఖాస్తుల రాయొద్దు."

"మరి ఆసామిని ఏమంటరు?"

"ఏమీ అనొద్దు. సాంచాలు నడుపుతడు అంటే సాలు. ఎవరి కాడ నడిపితే వాళ్లకేంది?"

"అట్ల గాదు మేడం. గా మాట ఉండాలె."

"నువ్వు ఎంతవరకు సదివినవ్?"

"ఐదు," అంది.

"నేను ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిన. నాకు నువ్వు చెప్తవా?"

వరండాలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది కాబట్టి ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలియదు. నేను మంచి కాగితం తీసి గుండ్రటి చేతిరాతతో రాశాను. "గత ముప్పది సంవత్సరములుగా నా భర్త నాలుగు మరమగ్గములను నడుపుచు కుటుంబమును పోషించుచున్నాడు." గొంతు సవరించుకుని చదివి వినిపించాను కూడా.

"పెండ్లి మంత్రం లెక్క ఉన్నది," అందొకామె.

రాయించుకున్నామె సంతకం పెట్టి కాగితం మడుచుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ కోరుట్ల సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక పిల్ల పరీక్షలో వ్యాసం రాస్తూ "మా నాయిన బొంబాయి నుంచి అచ్చిండు" అని రాసింది. నేను ఆ పేపరు క్లాసులో ఎత్తిపట్టి, ఆ "అచ్చిండు"ను సాగదీసి, మూడుసార్లు చదివాను. క్లాసు విరగబడి నవ్వింది. ఆ పిల్లా నవ్వింది. తనే నవ్విందంటే నొప్పి తగల్లేదనుకున్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల నా క్లాసులో నోరు తెరిచి ఒక్క జవాబూ చెప్పలేదు. సిగ్గరి అనుకున్నాను. అచ్చు తప్పును పట్టినంత తేలికగా నేను మనుషుల్ని పట్టలేకపోయాను. నాకు ఇంట్లో "అచ్చిండు" అనకుండా ఒక్కరోజు గడవదు. అదే మాట కాగితం మీద కనబడితే మాత్రం ఎర్రపెన్ను తీసేదాన్ని.

ఆమె దరఖాస్తు ఇచ్చిన నెలన్నరకు విచారణకు ఇద్దరు వచ్చారట. ఇంటికి వెళ్తే భర్త పనిలో ఉన్నాడని ఆమె చెప్పింది. సాంచాల షెడ్డుకు వెళ్లారు. నా కాగితం చూసి, "ఇక్కడ నాలుగు మగ్గాలు నడుపుతున్న యజమాని ఎవరు?" అని అడిగారు. ఆసామి లేచి నేనే అన్నాడు. వాళ్లు ఇంకో పేరు చదివారు. వెనక సాంచాల దగ్గర దారం తెగితే అతుకుతున్న మనిషి పేరు అది.

వాళ్ల తప్పేమీ లేదు. హోటల్ నడుపుతున్నాడు అంటే గిన్నెలు కడుగుతున్నాడని ఎవరూ అనుకోరు. నేను రాసిన తెలుగులో నడపడం అంటే సొంతంగా పెట్టుకుని నడపడమే. ఆమె చెప్పిన తెలుగులో సాంచాలు నడపడం అంటే వాటి ముందు నిలబడి రెక్కలు విరుచుకోవడం. ఆ తేడా చెప్పేది ఆ రెండు మాటలే. ఓనర్లకు ఈ పింఛను వర్తించదని రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు.

ఆసామికి మాత్రం మండిపోయింది. "నా సాంచాలు నీయని సర్కారుకు రాసిచ్చినవా?" అన్నాడట. ఆమె భర్తకు సగం వినిపించింది, సగం వినిపించలేదు. ఎందుకు తిడుతున్నాడో అర్థంకాక తల ఊపాడట. ఆ తల ఊపడాన్ని ఒప్పుకున్నట్టు తీసుకుని, ఆసామి రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇదంతా ఆమె మర్నాడు పది గంటలకు మా వరండాలో నిలబడి చెప్పింది. నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. వెనక గడప మీద పెద్దమ్మ కూర్చుని పప్పు ఏరుతోంది. వచ్చినామె చేతిలో నేను రాసిన దరఖాస్తు జిరాక్స్ ఉంది.

"మేడం, జర సూడుండ్రి, ఇందుల ఏమున్నదో. ఓనరని ఉన్నదట గదా."

నా చేతిరాత నేనే చదువుకున్నాను. చదవగానే తెలిసిపోయింది. ఆ క్షణంలో తెలియలేదు, తర్వాత ఆలోచిస్తే తెలిసింది అని రాసుకుంటే నాకు కొంచెం మర్యాదగా ఉండేది. కానీ తెలిసింది. తెలిసే అన్నాను.

"నువ్వు సరిగ్గ చెప్పలేదు. ఆసామి అంటే ఓనరని అప్పుడే చెప్తే అయిపోవు గదా?"

ఆమె నన్ను చూసింది. ఎదురు చెప్తుందని సిద్ధంగా ఉన్నాను, కొట్లాటకు నేనెప్పుడూ సిద్ధమే. ఆమె పక్కన ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగి, "అవ్, నాకే చెప్పరాలే. నాకు మాట సక్కగ రాదు," అంది. జిరాక్స్ కాగితం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

ఆడవాళ్లంతా వెళ్లాక పెద్దమ్మ చాట పక్కన పెట్టి, "నేను ఆ దినం ఈడనే ఉన్న బిడ్డా," అంది. అంతే. తిరిగి పప్పు ఏరుకుంది.

మర్నాటి నుంచి నేను వరండాలో కూర్చోలేదు. వచ్చినవాళ్లకు గొంతు మళ్లీ చెడిందని మా ఆయనతో చెప్పించాను. రాయడానికి గొంతెందుకని ఎవరూ అడగలేదు, మర్యాదస్తులు. ఇంట్లో కూర్చుని నాతో నేను వాదించుకున్నాను. నేను ఊరికే రాసిపెట్టాను, ఎవరూ నన్ను జీతమిచ్చి పెట్టుకోలేదు. ఇంతమందికి పనులయ్యాయి, ఒక్కటి చెడితే ఏంటి? ఆమె ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది. ఈ చివరి వాదన దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఐదు" అన్న ఆమె గొంతు వినిపించి ఆగిపోయేదాన్ని. అంతకంటే గట్టిగా ఎలా చెప్తుంది?

మా ఆయనకు పెద్దమ్మ అంతా చెప్పేసింది. ఎనిమిదో రోజు పొద్దున చాయ్ తాగుతూ, "ఇగ నేను అబద్ధాలు చెప్పలేను. తప్పు నీదైతే పోయి చెప్పు," అన్నాడు.

"ఎట్ల చెప్పాలె? నాకు గొంతు లేదు."

"కాళ్లున్నయి గదా."

ముందు వాళ్లింటికి వెళ్లాను. ఆమె బీడీలు అప్పజెప్పడానికి పోయింది. అతను ఒక్కడే ముందు గదిలో కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నాడు. ఆడవాళ్ల పని చేస్తూ కనబడ్డందుకు కాబోలు, నన్ను చూడగానే చాట మంచం కిందికి తోసేశాడు. లేచి కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలతో తుడిచి వేశాడు. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడి, మొహమంతా వెలుగుతో అడిగాడు.

"అచ్చిందా మేడం, పింఛను?"

నేను కాదని తల అడ్డంగా ఊపాను. "తప్పు నాది," అన్నాను. వినబడలేదు. దగ్గరికి వచ్చి చెవి పెట్టాడు. ఇంకోసారి గట్టిగా అనబోయాను, నా గొంతు గాలిలా వచ్చింది.

"అవును మేడం, మా దానిదే తప్పు," అన్నాడు. "తప్పు చెప్పి రాయించుకున్నదట. మీరు పాపం గంత మంచిగ రాసిచ్చిన్రు. దానికి మాట రాదు, ఏమనుకోకుండ్రి."

ఇంట్లో భర్తకు కూడా ఆమె నా పేరు చెప్పలేదు. అతను ఎనిమిది రోజులుగా ఆమెనే తిడుతున్నాడు. నా సంచిలో కాగితాలు, పెన్ను ఉన్నాయి, అతనికి చదువు రాదు. ఎదురుచూసి ఆమె వచ్చాక చెప్పాలనుకున్నాను. అతను నా కోసం చాయ్ పెట్టబోతే తట్టుకోలేక లేచి వచ్చేశాను. పారిపోయాను అంటే సరిపోతుంది.

అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు. లోపల అడుగుపెడితే చప్పుడు ఛాతీకి తగిలింది. ఆసామి నాకంటే పెద్దవాడు, బల్ల మీద బట్ట మడతలు లెక్కచూసుకుంటున్నాడు. "అన్నా," అన్నాను. నాకే వినిపించలేదు.

"గట్టిగ చెప్పుండ్రి!" అని అరిచాడు.

బయటికి రమ్మని సైగ చేశాను. పని మధ్యలో ఉన్నానని చేత్తో చూపించాడు. ఎంతమందిని ఎన్నేళ్లు ఒక్క అరుపుతో నిలబెట్టానో, ఆ గొంతు ఇప్పుడు బల్లకు అవతల ఉన్న మనిషికి చేరడం లేదు. కాగితం తీసి రాశాను. తెలుగులో నేను అంత త్వరగా, అంత వంకరగా ఎప్పుడూ రాయలేదు. "ఆమె ఆసామి కాడ అని చెప్పింది. నేనే కొట్టేసిన. వాళ్లు నీ సాంచాలు మాయి అని రాయియ్యలేదు. తప్పు నాది."

పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. నన్ను బయటికి తీసుకొచ్చి గోడ పక్కన నిలబెట్టి అడిగాడు.

"ఎందుకు కొట్టేసిన్రు?"

"ఆ మాట బాగలేదనుకున్న," అన్నాను. అక్కడ వినబడింది.

"ఆసామి అంటే బాగలేదా?" అన్నాడు. కోపంగా లేదు, అర్థం చేసుకోవాలన్నట్టే ఉంది. "మా నాయిన బతుకంత కూలికి నడిపిండు. వయసు మళ్లినంక రెండు సాంచాలు కొన్నడు. ఆ దినం బజార్ల ఎవడో ఆసామీ అని పిలిస్తే ఇంటికచ్చి మా అమ్మకు చెప్పుకొని మురిసిండు. మీకు గంత అసహ్యమైన మాటనా అది?"

నేను పెన్ను సంచిలో పెట్టేసుకున్నాను.

"వాణ్ని రమ్మనుండ్రి," అన్నాడు చివరికి. "మనిషి మంచోడే. గానీ ఆ సాంచాల మీద వేరేటాయన ఎక్కిండు. ఆయన్ను దింపలేను. రెండు ఖాళీ ఉన్నయి, వాటి మీద చేసుకొమ్మనుండ్రి." ఆమె కోరుకున్నది రెండు సాంచాల పనే. కానీ అది పింఛను చేతికొచ్చాక జరగాలని కోరుకున్నది. పింఛను లేకుండా రెండు సాంచాలంటే సగం కూలి.

అర్జీ ఇచ్చిన ఆఫీసుకూ వెళ్లాను. రాసిన మనిషి పొరపాటని ఉత్తరం ఇచ్చాను. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా చదివి, పాత దరఖాస్తు మూసేశామని, కొత్తది పెట్టుకోవాలని, అది ఆమే పెట్టుకోవాలని చెప్పాడు. మీ ఉత్తరం మాకు దేనికీ పనికిరాదని కూడా చెప్పాడు, మెత్తగా.

ఆ సాయంత్రం మళ్లీ వెళ్తే ఆమె ఇంట్లో ఉంది. అతను పక్కనే ఉన్నాడు. అతనికి వినబడేలా చెప్పమని ఆమెనే అడిగాను. "తప్పు మేడందని చెప్పు. నేను కొట్టేసిన్నని చెప్పు."

"ఇడువుండ్రి మేడం. అయిపోయింది గదా."

"చెప్పు," అన్నాను.

ఆమె అతని చెవి దగ్గర వంగి చెప్పింది. అతను విని, నన్ను చూసి, తల దించుకుని కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. పొద్దున కుర్చీ తుడిచిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"రేపు పొద్దున రా చెల్లె," అన్నాను ఆమెతో. "కొత్తది రాద్దాం. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్త. ఒక్క మాట మార్చ."

"అట్లనే మేడం," అంది.

మర్నాడు బల్ల వేసుకుని కూర్చున్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నలుగురైదుగురు వచ్చారు. వాళ్లు చెప్తుంటే ప్రతి కొత్త మాట దగ్గరా ఆగి, "అంటే ఏంది?" అని అడిగాను. యాభై ఐదేళ్ల వయసులో మొదటిసారి అడగడం నేర్చుకుంటున్నాను. చేతకావడం లేదు. అడిగేటప్పుడు కూడా గొంతులో తనిఖీ చేసే స్వరం వస్తోంది. ఒకామె భయపడి, "తప్పు చెప్పిన్నా మేడం?" అంది. లేదమ్మా, నాకే తెలియదు అన్నాను. ఆమె నమ్మలేదు. రాసినది చదివి వినిపిస్తే విన్నవాళ్లు నవ్వలేదు, మంత్రంలా ఉందనలేదు. మా మాటలే గదా అన్నట్టు చూసి కాగితం తీసుకుని పోయారు. ఇప్పటికీ అలాగే రాస్తున్నాను.

ఆమె ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

నాలుగో రోజు కూరగాయలకు బజారుకు వెళ్లాను. జిరాక్స్ దుకాణం ముందు స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. దుకాణం అతను కౌంటర్ మీద వంగి కాగితం మీద రాస్తున్నాడు. ఆమె చెప్తోంది, చెయ్యి ఊపుతూ, గట్టిగా. మధ్యలో అతను ఏదో రాయబోతే, "అట్ల గాదు, నేను చెప్పినట్టే రాయి," అని కౌంటర్ మీద వేలితో కొట్టింది. మా వరండాలో ఆమె అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

నేను పక్కకు తప్పుకుని పోవాల్సింది. కాళ్లు ఆగాయి. ఆమె తల తిప్పి నన్ను చూసింది. చూడగానే కౌంటర్ మీది కాగితాన్ని అతని చేతిలోంచి లాగేసి కొంగు కింద పెట్టుకుని లేచి నిలబడింది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా.

"బీడీలు అప్పజెప్పి అత్తున్న మేడం," అంది. "ఎండ ఉన్నదని జరంత కూసున్న."

దుకాణం అతను పెన్ను పట్టుకుని ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"కూసో చెల్లె," అన్నాను. "ఎండ బాగనే ఉన్నది."

నేను వెనక్కి తిరిగి ఇంకో వీధి గుండా నడిచాను, కూరగాయలు మరిచిపోయి. ఆమె మళ్లీ కూర్చుని ఆ కాగితం పూర్తి చేయించుకోవాలంటే నేను కనుమరుగు కావాలి. వీలైనంత త్వరగా నడిచాను.